వార్షిక నివేదిక 2024-25: వెదురు పోయిన కొండవాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

అడవిని కాపాడుకునే మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ రాయను. ఈ ఏడాది పనంతా శ్రీకాకుళం జిల్లా మందస వైపు మన కొండవాలు చుట్టూనే తిరిగింది. అక్కడి ముళ్ల వెదురు ఒక్కసారిగా పూసి, గింజ రాల్చి, మొదలంటా ఎండిపోయింది. నలభై ఏళ్లకు అటూఇటూగా ఒకసారి పూసి చచ్చిపోవడం ఈ జాతి లక్షణం. వెదురు పూస్తే కరువని పెద్దలు ఊరికే అనలేదు. ఆ గింజలు తిని ఎలుకలు పెరుగుతాయి, గింజలు అయిపోగానే పంట మీద పడతాయి.

ఎండు వెదురంతా నరికేసి టేకు వేద్దామని కిందటి సభలో కొందరు పట్టుబట్టారు. కార్యవర్గం ఆగమంది. ఎందుకన్నదో వానలు పడ్డాక తేలింది. ఇన్నాళ్లూ వెదురు నీడలో మొలక లేచినా బతికేది కాదు. ఇప్పుడు నేలకు ఎండ తగిలింది. నేరేడు, ఇప్ప మొలకలు తల్లిచెట్ల దగ్గర గుంపులుగా వచ్చాయి. వాటి గింజలు నిలవ ఉండవు, రాలిన కొద్దిరోజుల్లోనే మొలవాలి. గాలికి ఎగిరే కాయలు కాబట్టి ఏగిస, నల్లమద్ది కాస్త దూరం కూడా పాకాయి. 2018 తిత్లీ తుఫానుకు పెద్ద చెట్లు కూలిన పైవాలులో మాత్రం గింజ ఇచ్చే తల్లే లేదు. అక్కడ లాంటానా కలుపు పొద కమ్మేసింది. నాటాల్సింది అక్కడే.

ఇంకో సంగతి. పడిపోయిన వెదురు కంప లోపల మొలకలు మోకాలెత్తు ఉన్నాయి. కంప బయట మేకలు కొరికిన మోళ్లే మిగిలాయి. నరికేద్దామన్నవాళ్లు ఒకసారి వెళ్లి చూడండి.

కానీ ఆ కంపే నిప్పుకు మేత. ఇప్పపూల కాలంలో చెట్ల కింద ఆకులు కాలుస్తారు కదా, అందుకే మార్చిలో గెడ్డ (వాగు) ఒడ్డు నుంచి గట్టు దాకా ఫైర్ లైన్, అంటే మంట దాటకుండా ఆకు, కంప తీసేసిన ఖాళీ పట్టీ, తీశాం. ఆ తర్వాత అవతలి వాలు నుంచి వచ్చిన మంట ఈ లైన్ దగ్గరే ఆగిపోయింది! ఈ ఏడాదికి మన ఘనత ఇదే. చీపుర్లతో ఆకు ఊడ్చిన ఆశ్రమ పాఠశాల పిల్లలకు, దారి చూపిన సవర పెద్దలకు, చోడి అంబలి కాచి పోసిన మహిళా సంఘం అక్కచెల్లెళ్లకు, కత్తులు, గునపాలు అరువిచ్చిన రైతులకు, ట్రాక్టరు పంపిన దాతకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ పనికి పేర్లు రాయించుకున్నవాళ్లలో సగం మంది కొండెక్కలేదు. ఫొటో టైముకు మాత్రం కొందరు కనబడ్డారు. మంటలార్పే సామాను కోసం ఒక కార్యాలయానికి పెట్టిన అర్జీ సంగతి అడిగితే, ఫైలు కదులుతోందట. ఎటు కదులుతోందో వాళ్లకే తెలియాలి.

జమాఖర్చులు ఆడిటరు చూశారు, నకలు నోటీసు బోర్డులో ఉంది.

రాలిన వెదురు గింజ కూడా ఇప్పుడు గడ్డిలా మొలిచింది. కొన్నేళ్లలో మళ్లీ కమ్మేస్తుంది. ఈలోపే చెట్ల పిల్లలు దాని తల దాటాలి. అందుకని ఈ సభలో రెండు తీర్మానాలు పెడుతున్నాం: మొలకల చుట్టూ వెదురు పిల్లలను ఏటా పీకడం, రెండు వానాకాలాలు ఆ వాలుకు మేకలు తోలకుండా కట్టుబాటు. మేకలున్న ఇళ్లవాళ్లు తప్పకుండా రావాలి, మీరు లేకుండా తీర్మానం చేసి లాభం లేదు.

ఇట్లు,
కార్యదర్శి