స్టాంపు పేపరు విడాకులకు రెండు లైన్ల జవాబా?

సంపాదకుడు గారికి,

పోయిన నెల చివరి ఆదివారం మీ న్యాయ సలహాల శీర్షిక చదివినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. పెద్దమనుషుల ముందు స్టాంపు పేపరు మీద విడాకులు రాసుకున్నాం, ఇక మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా అని ఒక అమ్మాయి అడిగింది. మీ నిపుణులు ఇచ్చిన జవాబు: సమస్య సున్నితమైనది, మంచి న్యాయవాదిని సంప్రదించండి. అంతే! ఆ ముక్క చెప్పడానికి నిపుణులెందుకండీ? పక్కనే వారఫలాలకు మాత్రం అర పేజీ ఇచ్చారు.

ఆ అమ్మాయి అడిగినదానికి సూటి జవాబే ఉంది. చేసుకోకూడదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లి కోర్టు డిక్రీతోనే, అంటే కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వుతోనే, రద్దవుతుంది. మా కులంలో విడాకుల ఆచారం ఉందనేవాళ్లకు 29వ సెక్షన్‌లో ఒక దారి ఉన్నమాట నిజమే. అయితే ఆ ఆచారం నిజంగా ఉందని సాక్ష్యాలతో రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. అది లేకుండా కాగితాన్ని నమ్మి రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. పైగా పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడే నేరం కూడా. ఇంత ప్రమాదం ఉన్నచోట రెండు లైన్లతో సరిపెట్టారు.

ఆ కాగితాలు రాయిస్తున్నది ఎవరో తెలియనట్టు అందరూ నటిస్తారు. పంచాయితీ చేసే పెద్దలు, దస్తావేజులు రాసేవాళ్లు, ముద్ర కొట్టే నోటరీలు. పెళ్లిళ్లు, విడాకుల పత్రాలు మీ పని కాదని 2024లో కేంద్ర న్యాయశాఖ నోటరీలకు గుర్తు చేసింది. ముద్ర కొట్టడం ఎక్కడ ఆగింది? మా మేనకోడలి విషయంలోనూ ఇదే జరిగింది. సంతకాలయ్యాయి, సారె సామాను లెక్కలయ్యాయి, అందరూ భోంచేసి వెళ్లారు. తీరా ఒక ఆఫీసులో భర్త పేరు తీసేయమని అడిగితే డిక్రీ తెమ్మన్నారు. పెద్దమనుషుల్ని అడిగితే, కోర్టుకెక్కితే పరువేముంటుందయ్యా అని మాకే నీతులు చెప్పారు. చేతకాని సలహా ఇచ్చి పరువు గురించి మాట్లాడేవాళ్లను ఏమనాలో తెలియదు.

ఇద్దరికీ ఇష్టమైతే చట్టంలో సులువైన దారే ఉంది. ఏడాదిపాటు విడివిడిగా ఉన్నాక హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేయొచ్చు. ఆ తర్వాత ఆరు నెలలు ఆగాలంటుంది చట్టం. ఆ గడువును కచ్చితంగా పాటించనక్కర్లేదని, తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకుని ఒప్పుకోనంటే మాత్రం కథ మొదటికొస్తుంది. అందుకే డబ్బు, నగలు, పిల్లల సంగతి ముందే కాగితం మీద తేల్చుకోవాలి. ఇదంతా మీ శీర్షికలో పట్టదా?

ఇక మీ మొదటి పేజీ సంగతి. "కలిసి బతకలేని పెళ్లిని రద్దు చేసిన సుప్రీంకోర్టు" అని పెద్దక్షరాలతో వేస్తారు. కలిసి బతకలేరన్న ఒక్క కారణంతో పెళ్లి రద్దు చేసే అధికారం రాజ్యాంగం 142వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు ఉందని 2023లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కింది ఫ్యామిలీ కోర్టుకు ఆ అధికారం లేదని మీ వార్తలో ఏ మూలా కనిపించదు. పాపం, పేపరు కటింగ్ జేబులో పెట్టుకుని కోర్టుకు వచ్చేవాళ్లను నేను చూశాను.

మనోవర్తి గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం రాయడమే దండగ. మధ్యంతర మనోవర్తి, అంటే కేసు నడుస్తుండగా ఇచ్చే భరణం, దరఖాస్తును అవతలివాళ్లకు నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టంలో ఉంది. విడాకుల కేసునే ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని కూడా ఉంది. చదువుకోవడానికి చాలా బాగుంటాయి. కోర్టుకెళితే ఒక రోజు జడ్జిగారు సెలవు, ఒక రోజు అవతలి లాయర్ రారు, ఇంకో రోజు అవతలివాళ్ల జవాబు (కౌంటర్) దాఖలు కాలేదు, వాయిదా. ఈలోగా బిడ్డ స్కూలు ఫీజు వాయిదా వేస్తారా ఎవరైనా? భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరాలతో అఫిడవిట్ (ప్రమాణపత్రం) ఇవ్వాలని, మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కించాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. దీన్ని కక్షిదారులకు వాళ్ల లాయర్లే చెప్పరు. అందుకే ఆలస్యం చేయకుండా దరఖాస్తు పడేయాలి, అవతలివాళ్ల అఫిడవిట్ కోసం పట్టుబట్టాలి. నెల తిరిగేసరికి జీతం తీసుకునే మనిషి కోర్టులో నాకు సంపాదనే లేదంటుంటే, బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించమని అడిగే దిక్కు లేకపోతే ఎలా?

ఊరు మారాల్సి వస్తుందని భయపడేవాళ్లూ ఉన్నారు. 2003 సవరణ తర్వాత భార్య తానుంటున్న చోటే విడాకుల పిటిషన్ వేసుకోవచ్చు. పెళ్లి రిజిస్టర్ కాలేదని బెంగ పడక్కర్లేదు. శుభలేఖ, ఫొటోలు, పెళ్లి చూసినవాళ్ల సాక్ష్యం దాచుకుంటే పనికొస్తాయి. నోటిమాటలకన్నా కాగితమే కోర్టులో నిలబడుతుంది. అయితే ఆ కాగితం పెద్దమనుషుల స్టాంపు పేపరు కాదు.

అన్నిటికన్నా ఒళ్లు మండే విషయం ఒకటుంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. నెలకు లక్ష సంపాదించే ఆడమనిషికైనా ఆ హక్కుంది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఈ సంగతి తెలియక పుస్తెలమ్మి ఫీజులు కట్టినవాళ్లున్నారు. అధికారులు ఏటా న్యాయ విజ్ఞాన సదస్సు పెట్టి, శాలువాలు కప్పుకుని, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఆ ఫొటోలు మీరు తప్పకుండా వేస్తారు, కింద ఈ నంబరు మాత్రం వేయరు. సినిమా ప్రకటనల మధ్య అయిదంకెలకు చోటు దొరక్కపోదు, కొంచెం చూడండి.

– ఒక పాఠకుడు