రేడియోకి చోటు బండి కొనకముందే చూడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

అంబులెన్సు, అగ్నిమాపక, కరెంటు మరమ్మతు, వరద సహాయం లాంటి పనులకు చిన్న కార్లు కొనేటప్పుడు సీట్లు, మైలేజీ, డిక్కీ అన్నీ చూస్తారు. వైర్‌లెస్ సెట్టు, అంటే నియంత్రణ కేంద్రంతో మాట్లాడే రేడియో, ఎక్కడ కూర్చుంటుందో మాత్రం బండి గేటు దాకా వచ్చాక గానీ ఎవరికీ గుర్తుకు రాదు. అప్పుడు మాలాంటి బిగించేవాళ్లను పిలిచి ఎక్కడో ఒకచోట ఇరికించమంటారు. అలా ఇరికించిన సెట్టు రేపు ఎవరి మోకాలి చిప్పనో, ఎవరి దవడనో పగలగొట్టగలదని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఒకప్పుడు డ్యాష్‌బోర్డు మధ్యలో సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తుతో ఆడియో గూడు ఉండేది. చాలా మొబైల్ రేడియోలు అందులో ఒదిగిపోయేవి. ఇప్పుడు అక్కడ టచ్‌స్క్రీన్ వచ్చింది. దాంతో సెట్టును ముందు సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు పైనే డబుల్ టేపుతో అంటిస్తున్నారు. ఆ పలక కిందే ఎయిర్‌బ్యాగ్ ఉంది. అది రెప్ప వేసేలోపే ఉబ్బి, తన దారిలో ఉన్నదాన్ని మనిషి ముఖం మీదికి విసురుతుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోయినా గండం తప్పదు. ఎండకి జిగురు మెత్తబడుతుంది. గట్టిగా గుద్దుకున్న క్షణంలో 30 రెట్ల బలం పడితే, కిలోన్నర సెట్టు 45 కిలోల బరువులా లాగుతుంది. దాన్ని టేపు ఆపలేదు. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర బిగించడమూ ఇంతే తప్పు. ముందు అద్దం పక్క స్తంభాల లోపల, కిటికీల మీదికి తెరలా జారే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు కాబట్టి దాని కవరు మీద మైకు కొక్కెం పెట్టకూడదు, లోపల కేబుల్ దూర్చకూడదు.

చిన్న కారుకి సరైన దారి, ముందు పలక విడదీసే వీలున్న సెట్టు కొనడం. బటన్లు, తెర ఉన్న చిన్న పలక గేరు పక్కన ఉంటుంది, అసలు పెట్టె సీటు కిందో డిక్కీలోనో ఉంటుంది, రెంటికీ మధ్య ఒక కేబుల్. కొనే చీటీలో ఈ ఒక్క మాట రాస్తే సగం గొడవ తీరుతుంది. విడదీసే కేబుల్, కిట్టు చాలాసార్లు విడిగా అడిగి తీసుకోవాలి.

సీటు కింద ఖాళీ కనిపించగానే పెట్టె తోసేయకూడదు. ముందుగా సీటును పూర్తిగా ముందుకి, వెనక్కి జరిపి, ఎత్తు తగ్గించి, మనిషిని కూర్చోబెట్టి కొలవాలి. స్పంజి కిందికి దిగుతుంది, ఆ దిగిన కొలతే అసలు కొలత. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్, బెల్టు బిగించే పరికరాలవి. వాటిని కదపకూడదు, వాటి వైర్ల నుంచి కరెంటు తీయకూడదు. 50 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు దాదాపు 12 ఆంపియర్లు లాగుతుంది, అంటే సుమారు 165 వాట్లు. యాంటెన్నాకి పోయేది 50, మిగతా వందకి పైగా వేడే. వెనక సీటుకి వేడిగాలి పంపే గొట్టం ముందు గానీ, కార్పెట్టుకి ఆనించి గానీ పెడితే సెట్టు వేడెక్కి తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది. నియంత్రణ కేంద్రానికి గొంతు అందదు, డ్రైవరేమో బ్యాటరీని అనుమానిస్తాడు. పెట్టె చుట్టూ గాలి ఆడాలి, తడి బూట్ల నీళ్లు తగలకుండా నేల నుంచి కనీసం 10 మిల్లీమీటర్ల ఎత్తున బ్రాకెట్ ఉండాలి. కేబుల్ని సీటు పట్టాల దగ్గర వదులుగా వదిలేస్తే బిగించిన రోజు బాగానే పనిచేస్తుంది. సీటు జరిగినప్పుడల్లా కొంచెం కొంచెం నలిగి, చివరికి అత్యవసరంలో తెగుతుంది.

డిక్కీలో అయితే స్టెప్నీ గుంత కంటే పక్క గోడ మేలు. గుంతలో నీళ్లు నిలుస్తాయి, వేడి బయటికి పోదు. ఎక్కడైనా నేలకి రంధ్రం పెట్టేముందు బండి కింద దూరి చూడాలి. పెట్రోలు పైపు, బ్రేకు పైపు అక్కడి నుంచే పోతాయి. ఎలక్ట్రిక్ బండిలో నేల కింద పెద్ద బ్యాటరీయే ఉంటుంది, అక్కడ డ్రిల్లు ముట్టుకోనే కూడదు. సీటు బెల్టు బోల్టుకి బ్రాకెట్ తగిలించడం కూడా మానాలి.

కరెంటు సంగతి. సిగరెట్ లైటర్ సాకెట్‌కి మామూలుగా 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు, సన్నని వైరు ఉంటాయి, 50 వాట్ల సెట్టుకి అది పనికిరాదు. బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగాలి. ఫ్యూజు బ్యాటరీ దగ్గరే, జానెడు లోపే ఉండాలి. అది కాపాడేది సెట్టుని కాదు, వైరుని. సెట్టు పక్కన ఫ్యూజు పెడితే మధ్యలో వైరు రాసుకుని బాడీకి తగిలినప్పుడు మంటే. బ్యాటరీ నుంచి సెట్టు 5 మీటర్ల దూరంలో ఉంటే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో రానూపోనూ కలిపి దాదాపు అర వోల్టు పోతుంది, 1 చదరపు మిల్లీమీటరు వైరులో రెండు వోల్టులకి పైనే. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద, వచ్చేపోయే కరెంటును లెక్కగట్టే సెన్సారు ఉన్న బండిలో సెట్టు నెగటివ్‌ని టెర్మినల్‌కి కాక బాడీ ఎర్త్ దగ్గర కలపాలి, లేకపోతే సెన్సారు లెక్క తప్పుతుంది. బండి ఆపి తాళంచెవి తీస్తే సెట్టు కూడా ఆగిపోయే ఏర్పాటూ కావాలి. ఊరికే వింటూ ఉన్నా 0.4 ఆంపియర్లు లాగే సెట్టు మూడు రోజుల్లో దాదాపు 29 ఆంపియర్ అవర్లు తాగేస్తుంది, చిన్న కారు బ్యాటరీలో అది చాలా పెద్ద వంతు.

యాంటెన్నాకి పైకప్పు మధ్యకి మించిన చోటు లేదు. యాంటెన్నా పొడవు మామూలుగా రేడియో తరంగం పొడవులో పావు వంతు ఉంటుంది: 150 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీకి అర మీటరు, 450కి 17 సెంటీమీటర్లే. అయస్కాంతం యాంటెన్నా వేసి కేబుల్ని తలుపు సందులో నొక్కితే కొన్నాళ్లకి కేబుల్ చితుకుతుంది, వాన నీరు లోపలికి వస్తుంది.

ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం వాహన నిబంధనల్లో పదోది, రేడియో తరంగాలు బండి ఎలక్ట్రానిక్స్‌ని చెడగొట్టకుండా చూసేది, ఇక్కడ అక్కరకొస్తుంది. దాని కింద ఆమోదం పొందే బండికి ఏ ఫ్రీక్వెన్సీలు, ఎంత పవర్, యాంటెన్నా ఎక్కడ, ఎలా బిగించాలి అన్నది తయారీదారే చెప్పాలి. ఆ కాగితం కొనేవాళ్ల ఫైల్లో ఉండిపోతే ఏం లాభం? అది బిగించేవాడి చేతికి రావాలి.

కాబట్టి కొనుగోలు కమిటీలకి మా విన్నపం ఇది. ఆర్డరు పెట్టేముందు ఒక నమూనా బండి తెప్పించండి. సెట్టు కొలతలతో అట్టపెట్టె చేయించి, దాన్ని నడిపే డ్రైవర్‌నే కూర్చోబెట్టి, సీటు బెల్టు పెట్టించి, మైకు చేతికి అందుతుందా, తీగ గేరుకి, స్టీరింగుకి చుట్టుకుంటుందా చూడండి. పెట్టె ఎక్కడా పట్టకపోతే ఆ బండి మీ పనికి చిన్నది. బిగించాక బండిని నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా ప్రతి ఛానల్లోనూ పూర్తి పవర్‌తో మాట్లాడి, డ్యాష్‌బోర్డు మీటర్లలో ఏ హెచ్చరిక దీపమైనా వెలుగుతుందేమో ఇంకొకరు చూసి సంతకం చేసేదాకా దాన్ని డ్యూటీకి పంపవద్దు.

ఇట్లు,
వాహనాల్లో వైర్‌లెస్ సెట్లు బిగించే సాంకేతికులం