తైచీ కూడా కుంగ్‌ఫూలో భాగమే

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో యుద్ధవిద్యల మీద వచ్చిన వ్యాసం చదివాను. కరాటే నేర్పడం నా వృత్తి. నెమ్మది కదలికలకు పేరుపడ్డ చైనా విద్య తైచీని కూడా చాలా ఏళ్లుగా సాధన చేస్తున్నాను. వ్యాసంతో పాటు వేసిన పట్టికలో కుంగ్‌ఫూను 'పోరాటం' కింద, తైచీని 'ఆరోగ్యం, ధ్యానం' కింద పెట్టారు. మొదటిది కుర్రాళ్లకు, రెండోది అరవై దాటినవాళ్లకు అన్నట్టు రాశారు. పైగా కుంగ్‌ఫూ అని వేసిన ఫొటోలో ఉన్నది తెల్ల డ్రెస్సు, నల్ల బెల్టు కట్టుకున్న కరాటే కుర్రాడు! ఫొటో సంగతి వదిలేద్దాం. పట్టిక చూసి ఎందులో చేరాలో తేల్చుకునేవాళ్లు ఉంటారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కుంగ్‌ఫూ అంటే ఒక్క శైలి కాదు. చైనాలో పుట్టిన వందలాది శైలులు ఆ పేరు కింద ఉన్నాయి. వింగ్ చున్ వాళ్లు ఎదుటి మనిషికి బాగా దగ్గరగా నిలబడి చేతులతో గబగబా కొడతారు. ఉత్తరాది శైలుల్లో పెద్ద అడుగులు, ఎత్తు కిక్కులు ఎక్కువ. హుంగ్ గార్ వాళ్లు నేలకు దిగిపోయినట్టు నిలబడతారు. తైచీ కూడా వీటిలాగే ఒక శైలి. అందుకే 'కుంగ్‌ఫూ మంచిదా, తైచీ మంచిదా' అని అడిగితే నా దగ్గర జవాబు ఉండదు.

తైచీ పుట్టింది ఆసుపత్రిలో కాదు, పార్కులోనూ కాదు. హెనాన్ రాష్ట్రంలోని చెన్ వంశీకుల ఊళ్లో, 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌టింగ్ అనే సైనికాధికారి దీన్ని రూపొందించాడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. 19వ శతాబ్దంలో యాంగ్ లుచాన్ ఆ ఊళ్లోనే నేర్చుకుని బీజింగ్ వెళ్లి రాజవంశీకులకూ సైనికులకూ నేర్పాడు. ఒట్టి వ్యాయామమే అయితే సైనికులకు దాంతో ఏం పని? అతని మనవడు యాంగ్ చెంగ్‌ఫు కాలానికి గెంతులు, విసురు దెబ్బలు తగ్గి, అంతా ఒకే నెమ్మదితో సాగే పద్ధతి జనంలోకి వెళ్లింది. 1956లో చైనా ప్రభుత్వ క్రీడాసంఘం యాంగ్ శైలిని కుదించి 24 కదలికల చిన్న వరస తయారుచేసింది. ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. ఇప్పుడు ప్రపంచమంతటా ఎక్కువమంది చేసేది ఇదే. మీ వ్యాసకర్త చూసిన తైచీ కూడా బహుశా ఇదే. చెన్ శైలిలోని రెండో వరస చూస్తే ఆయన ఆశ్చర్యపోతారు. అందులో నేల అదిరేలా కాలు తొక్కడం, గాల్లోకి లేవడం, మోచేతి దెబ్బలు అన్నీ ఉంటాయి. కత్తి, బల్లెం సాధన కూడా తైచీలో భాగమే.

మరి నెమ్మది ఎందుకు? స్లో సైకిల్ రేసులో పాల్గొన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వేగంలో కనబడని తప్పులన్నీ అక్కడ బయటపడతాయి. కరాటేలో కిక్కు విసిరితే ఆ ఊపే నన్ను మోసేస్తుంది. అదే కాలు నెమ్మదిగా లేపి నెమ్మదిగా దించమంటే నడుము వంకర, మడమ తేలడం, భుజం బిగియడం అన్నీ తెలిసిపోతాయి.

ఇద్దరు కలిసి చేసే 'పుష్ హ్యాండ్స్' సాధన గురించి మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. తైచీ అసలు రుచి అందులోనే ఉంది. ఇద్దరూ ముంజేతులు ఆనించి, ఒకరి బలం ఎటు వస్తోందో మరొకరు స్పర్శతో పసిగట్టాలి. మా తైచీ టీచర్ నాకంటే పొట్టి, బరువూ తక్కువే. నేను బలంగా తోశానంటే చాలు, ఆవిడ నడుము కాస్త తిప్పేది. నా చేతులకు ఆనడానికి ఏమీ దొరక్క నేనే ముందుకు తూలేదాన్ని. తూలుతున్న మనిషిని పడేయడానికి వేలితో తోసినా సరిపోతుంది. ఇందులో అద్భుత శక్తేమీ లేదు. దూరం నుంచి చెయ్యి ఊపితే శిష్యులు ఎగిరిపడే వీడియోలు చూసి మోసపోవద్దని మీ పాఠకులకు మనవి.

బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు చైనాలోని షావొలిన్ బౌద్ధ మఠంలో కుంగ్‌ఫూ నేర్పాడనీ, జాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సన్యాసి తైచీ కనిపెట్టాడనీ మీరు చరిత్రలాగా రాశారు. ఆ కథలకు ఆధారాలు లేవని టాంగ్ హావొ అనే చైనా పరిశోధకుడు 1930ల నాటికే తేల్చాడు. షావొలిన్ సన్యాసులు 621లో తాంగ్ రాజవంశం తరఫున యుద్ధంలో సాయం చేశారన్నది మాత్రం అక్కడి 728 నాటి శాసనంలో ఉంది. దాన్ని రాసి ఉంటే బాగుండేది.

నేను తైచీ పక్షపాతినని అనుకోకండి. 2017లో షూ షియావొడాంగ్ అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (రకరకాల పోరాట పద్ధతులు కలిపి ఆడే పోటీ) ఫైటర్, తైచీ గురువునని చెప్పుకున్న ఒకాయన్ని అర నిమిషం కాకముందే కింద పడేసి కొట్టాడు. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఎదుటివాడు నిజంగా కొడుతుండగా సాధన చెయ్యనివాడు ఏ శైలి నేర్చినా అంతే, మా కరాటే వాళ్లతో సహా. అంతకుముందు 1954లో మకావ్‌లో తైచీ గురువు వు గాంగ్‌యీ, తెల్లకొంగ శైలి గురువు చాన్ హాక్‌ఫు విరాళాల కోసం పోటీపడ్డారు. రెండో రౌండులోనే ఆపేశారు, ఎవరూ గెలవలేదు. దాని ఫిల్మ్ ఇప్పటికీ దొరుకుతుంది. కొంగ రెక్కలూ కనబడవు, తైచీ వయ్యారమూ కనబడదు. ఇద్దరు మనుషులు కంగారుగా కొట్టుకుంటారు, ముక్కు నుంచి రక్తం కారుతుంది.

ఆరోగ్యం విషయంలో కూడా అతి పనికిరాదు. తైచీ చేస్తే షుగర్ 'మాయం' అవుతుందని రాయడం ప్రమాదం. అది నమ్మి మందులు మానేసేవాళ్లు ఉంటారు. అంత దూరం వెళ్లకుండానే చెప్పుకోదగ్గ ఫలితాలున్నాయి. పార్కిన్సన్స్ జబ్బున్న 195 మందితో చేసిన అధ్యయనం 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 24 వారాలు తైచీ చేసినవాళ్లకు తూలకుండా నిలబడే నిలకడ మిగతావాళ్ల కంటే బాగా మెరుగుపడింది.

చేరాలనుకునేవాళ్లు ముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. తిరిగేటప్పుడు పాదం కూడా తిప్పమంటున్నారా, లేక పాదం నేలకు అంటుకుని ఉండగానే మోకాలు మెలితిప్పిస్తున్నారా గమనించండి. మోకాళ్లు పాడయ్యేది అక్కడే. ఇద్దరిద్దరుగా చేయించే సాధన ఉందో లేదో అడగండి. లేకపోయినా వ్యాయామంగా అది మంచిదే. కాకపోతే అలాంటి క్లాసు బోర్డు మీద 'ఆత్మరక్షణ' అని ఉంటే మాత్రం ఎలా నేర్పుతారో నిలదీసి అడగండి.

ఇట్లు,
ఒక కరాటే శిక్షకురాలు, మీ పాఠకురాలు