కట్టు విప్పారు, ఇక బాకీ తీరుస్తాను

నిన్న కట్టు విప్పారు. కుడి చేయి సన్నబడి పరాయిదానిలా ఉంది కానీ వేళ్లు కదులుతున్నాయి. ఇన్నాళ్లూ ఎడమ చేత్తో ఫోనులో ‘సరే’ అని తప్ప ఏమీ రాయలేకపోయాను. సాయం చేసినవాళ్లకు దండాలు చెప్పుకోవడమే నా బాకీ.

సిరిమానుకు (మా పైడితల్లి అమ్మవారి జాతరకు) వారం ముందు. విజయనగరంలో కొట్లన్నీ కిటకిటలాడుతున్నాయి. మా సూపర్ మార్కెట్ గోదాములో నూనె ప్యాకెట్ చిట్లి నేలంతా జిడ్డు. తుడిచే తీరిక ఎవరికీ లేదు. 26 కేజీల బియ్యం బస్తాను వెనక్కి నడుస్తూ లాగుతున్నాను. (25 కేజీల దాకా ప్యాకెట్లకు జీఎస్టీ వేశాక బస్తా 26 అయింది. ఆ అదనపు కేజీ మోసేది మేము.) కాలు జారి మణికట్టు మీద పడ్డాను.

పప్పుల దగ్గర పనిచేసే అక్క పరుగెత్తుకొచ్చి, చేయి వాచేలోపే రూపాయి షాంపూ ప్యాకెట్ చింపి గాజులు జార్చేసింది. బిస్కెట్ల అట్టపెట్టె చింపి దన్నుగా పెట్టి, నా చున్నీతోనే కట్టింది. షాంపూకి బిల్లు కొట్టించి రూపాయి కూడా తనే కట్టిందట!

గంటస్తంభం దగ్గరి రద్దీలోంచి ఆటోను దూర్చి ఆసుపత్రికి చేర్చిన బాబాయి డబ్బులు తీసుకోలేదు.

“ఇంట్లో పడ్డానని చెప్పమ్మా, గొడవ ఉండదు” అన్నారు పైవారొకరు. నొప్పిలో తల ఊపేదాన్నే. లెక్కలు చూసే తమ్ముడు ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే సమయం, చోటు, చూసినవాళ్ల పేర్లతో ఈఎస్ఐకి (ఉద్యోగుల బీమా సంస్థకు) ప్రమాద నివేదిక పంపించాడు. దాని విలువ తర్వాత తెలిసింది. ఇంట్లో పడితే అది జబ్బు కింద లెక్క. జబ్బు భృతికి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులైనా చందా కట్టి ఉండాలి. నేను చేరి రెండు నెలలే, పైసా వచ్చేది కాదు. పనిలో తగిలిన దెబ్బకు ఆ షరతు లేదు, జీతంలో 90 శాతం లెక్కన బ్యాంకులో పడింది. ఆ చందా కింద జీతంలో నెలకు 83 రూపాయలు కోస్తుంటే సణుక్కున్నదాన్ని నేనే.

మా పాపకు రోజూ జడలు వేసి బడికి పంపిన పక్కింటి పిన్నికి కూడా దండాలు.

సిరిమాను రోజున అందరిలాగే అమ్మవారికి అరటిపండు విసిరాను, ఎడమ చేత్తో. ఎవరి తలపాగా మీదో పడింది. ఆయనకు క్షమాపణలు. అక్క మాత్రం ఆ రూపాయి ఇంకా తీసుకోవడం లేదు.