అది ట్యాంకు కాదు, ట్యాంకుల్ని వేటాడే బండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో రెండో ప్రపంచ యుద్ధం మీద వేసిన వ్యాసంలో ఒక ఫొటో కింద ‘అమెరికా షెర్మన్ ట్యాంకు’ అని రాశారు. అందులో ఉన్నది షెర్మన్ కాదు, ఎం10 ట్యాంక్ డిస్ట్రాయర్. చక్రాలూ గొలుసులూ షెర్మన్‌వే కాబట్టి పొరబడటం తేలిక. పై భాగం చూడండి. టరెట్‌కి, అంటే గన్ను బిగించి చుట్టూ తిరిగే పై గదికి, కప్పు లేదు, లోపలి వాళ్ల తలలు బయటికి కనిపిస్తున్నాయి. పక్క రేకులు ఏటవాలుగా ఉన్నాయి. టరెట్ వెనకాల బరువు దిమ్మలున్నాయి. దయచేసి సవరణ వెయ్యండి.

ఇంత చిన్నదానికి ఇంత ఉత్తరమా అనుకోకండి. ఆ రోజుల్లో యుద్ధభూమిలో చాలామంది అధికారులు చేసిన పొరపాటూ ఇదే. చూడటానికి ట్యాంకులా ఉంది కదాని ట్యాంకులాగే ముందుకు తోలారు. పల్చటి రేకు, పైన కప్పు లేని బండి. చెట్ల కొమ్మల్లో పేలిన ఫిరంగి గుండు ముక్కలు తిన్నగా లోపల ఉన్నవాళ్ల మీద పడేవి.

నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడు. ఈ ట్యాంక్ డిస్ట్రాయర్ దళాలకు శిక్షణ ఇచ్చిన క్యాంప్ హుడ్ ఆ రాష్ట్రంలోనిదే. అసలు బండిలో నూరో వంతు ఉండే కిట్లు వాడు పంపిస్తుంటే ఒక్కొక్కటీ అతికించి, రంగు వేసి, మొత్తానికి ఈ బండ్లతో ఒక అమెరికన్ సైనిక కంపెనీ కట్టుకున్నాను. ఈ ఆటను చారిత్రక వార్‌గేమ్ అంటారు. బల్ల మీద థర్మోకోల్ కొండలు, ఊళ్లు, చెట్లు పెడతాం. టేపుతో కొలిచి బండ్లు జరుపుతాం. గుండు తగిలిందా, రేకు చీల్చిందా అన్నది పాచికలు తేలుస్తాయి. జర్మన్ల వైపు మామూలుగా మా మేనల్లుడు ఆడతాడు.

ఆటలో ఒక్కో బండికి ఇన్ని పాయింట్లని లెక్క ఉంటుంది. కొత్తగా వచ్చే పిల్లలు ఆ లెక్కలోనే చూసి, ఈ ట్యాంక్ డిస్ట్రాయర్లలోనే అన్నిటికంటే పెద్ద గన్ను ఉన్న ఎం36 రెండు, బాగా పరిగెత్తే ఎం18 రెండు కొనేసి సైన్యం అయిపోయిందంటారు. నాకది నచ్చదు. అసలు దళం ఎలా ఉండేదో అలా కడితేనే దాని గుణం తెలుస్తుంది. ప్లటూనుకు నాలుగు గన్లు, కంపెనీకి మూడు ప్లటూన్లు, బెటాలియనుకు మూడు కంపెనీలు, అంటే మొత్తం 36 గన్లు. మామూలుగా ఒక బెటాలియనుకు ఒకే రకం బండి. వీటి వెంట జీపులు, ఎం20 సాయుధ కార్లు ఉండేవి. ముందు వెళ్లి దారి చూసొచ్చే ఎం8 కార్ల కంపెనీ వేరే ఉండేది. నేను ముందుగా రంగు వేసింది జీపులకే. శత్రువు ఎక్కడున్నాడో చెప్పే కళ్లు లేకపోతే ఈ గన్లు ఎందుకూ కొరగావు.

1940లో ఫ్రాన్స్ కూలిపోయాక జర్మన్ ట్యాంకుల గుంపు ఎక్కడో ఒకచోట రేఖ తెంచుకుని లోపలికి వస్తుందన్న భయం అమెరికా సైన్యానికి పట్టుకుంది. దానికి జవాబుగా 1941 చివర్లో ఈ ట్యాంక్ డిస్ట్రాయర్ విభాగం పుట్టింది. జనరల్ మెక్‌నెయిర్ అండ, జనరల్ ఆండ్రూ బ్రూస్ నాయకత్వం. ఫైరింజన్లను స్టేషన్లో ఉంచి మంట లేచిన చోటికి పంపినట్టు, వేగంగా పోయే గన్లను వెనక ఉంచి శత్రువు చొరబడిన చోటికి పంపాలన్నది వాళ్ల ఆలోచన. అందుకే రేకు మందం తగ్గించారు. చుట్టూ బాగా కనపడాలని, బరువు తగ్గాలని కప్పు తీసేశారు. ఆలోచన తెలివితక్కువదని నేననను. కానీ 1944 వచ్చేసరికి దాడి చేసేది అమెరికన్లు, కాచుకునేది జర్మన్లు. గుంపుగా వచ్చే ట్యాంకులు అరుదు. వెనక ఊరికే ఉన్న గన్లను చూసి కాల్బలం కమాండర్లు ‘మాకు రెండు, మాకు రెండు’ అని పంచుకున్నారు. యుద్ధం ముగిశాక ఈ విభాగాన్నే ఎత్తేశారు.

యంత్రాల సంగతి రాయకుండా ఉండలేను. ఎం10లో ఉన్నది రెండు జనరల్ మోటార్స్ 6-71 డీజిల్ ఇంజన్లు, ఒకదాని పక్కన ఒకటి జత చేసినవి. ఆ జాతి ఇంజన్లే అమెరికాలో సిటీ బస్సులనూ నడిపాయి. జీవితమంతా బస్సు ఇంజన్ల కింద గడిపిన నాకు అది తెలిసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను. టరెట్ తిప్పడానికి మాత్రం మోటారు లేదు, చేత్తో చక్రం తిప్పాలి. గన్ను బరువుకు టరెట్ ముందుకు వాలితే వాలు నేల మీద తిప్పడం నరకం, ఆ దిమ్మలు అందుకే. ఇక బ్యూక్ కంపెనీ తయారుచేసిన ఎం18 హెల్‌క్యాట్ అయితే రోడ్డు మీద గంటకు 88 కిలోమీటర్లు పోయేది. దాని ఇంజను పట్టాల మీద బయటికి జారేలా బిగించారు. డిపోలో ఇంజను దించిన ఎవరినైనా అడగండి, ఆ ఒక్క ఏర్పాటు విలువ ఏమిటో చెప్తారు. ఆ బండి ఒళ్లంతా 13 మిల్లీమీటర్ల రేకు, టరెట్ ముందు భాగంలోనూ 25కు మించదు.

మొదటి ఆటల్లో మా మేనల్లుడు వైపు మారి, నా ఎం18లు తీసుకుని రోడ్డు వెంట తిన్నగా తోలాడు. జర్మన్ల పాంథర్ ట్యాంకులు వాటిని వరసగా కాల్చేశాయి. తర్వాత 1944 సెప్టెంబరు 19 నాటి అరాకూర్ పోరు బల్ల మీద పెట్టుకున్నాం. ఫ్రాన్స్‌లో లొరైన్ ప్రాంతం, పొద్దున్నే దట్టమైన పొగమంచు. 704వ బెటాలియనుకు చెందిన నాలుగు ఎం18ల ప్లటూను ఒక మిట్ట వెనక నక్కి, మంచులోంచి దగ్గరికొచ్చిన జర్మన్ ట్యాంకుల మీద కాల్చింది. తన బండ్లు మూడు పోయినా, 15 ట్యాంకుల్ని కొట్టినట్టు ఆ దళం లెక్క. పాంథర్‌ను ముందునుంచి కొడితే ఆ గన్ను గుండు చీల్చడం కష్టం, పక్కన రేకు పల్చన. దాగి, దగ్గరికి రానిచ్చి, పక్క నుంచి కొట్టి, వెంటనే చోటు మారాలి. మావాడికి ఆ రోజు అర్థమైంది. మూడో వంతు చదువైనా పుస్తకం లేకుండా బల్ల దగ్గరే వస్తుందని నాకు గట్టి నమ్మకం.

ఇది మనకు సంబంధం లేని కథ కూడా కాదు. ఎం36లు పాకిస్తాన్ దగ్గరికి చేరి 1965 యుద్ధంలో మన మీదికొచ్చాయి. ఆ సెప్టెంబరులోనే అసల్ ఉత్తర్ దగ్గర 4 గ్రెనేడియర్స్‌కు చెందిన అబ్దుల్ హమీద్ జీపు మీద 106 మి.మీ. ఆర్‌సీఎల్ (రీకాయిల్‌లెస్, అంటే వెనక్కి తన్నని) గన్ను పెట్టుకుని, పంట చేలలో దాగి, చోటు మారుస్తూ పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల్ని ఒకదాని తర్వాత ఒకటి కొట్టాడు. అక్కడే ప్రాణం ఇచ్చాడు, పరమవీర చక్ర పొందాడు. క్యాంప్ హుడ్‌లో కాగితం మీద రాసుకున్నదాన్ని ఆయన రేకు కవచమే లేని జీపు మీద చేసి చూపించాడు. నిజాం కాలపు హైదరాబాదు అశ్వదళాల వారసత్వం ఉన్న దక్కన్ హార్స్ కూడా ఆ పోరులో షెర్మన్లతో ఉంది.

ఇప్పుడు నేను కడుతున్నది అబ్దుల్ హమీద్ జీపుల దళాన్ని. మామూలు జీపు బొమ్మలు తీసుకుని, సూది కొస కత్తిరించి గన్ను గొట్టం చేస్తున్నాను. కొలతలు దొరికాయి గాని ఫొటోల్లో కనపడని విషయాలు కొన్ని కావాలి. మన తెలుగు జిల్లాల్లో ఆర్‌సీఎల్ జీపుల మీద పనిచేసిన మాజీ సైనికులు తప్పక ఉంటారు. గుండ్ల పెట్టెలు జీపులో ఏ వైపు సర్దేవారు, ముందు అద్దం మడిచేవారా, పూర్తిగా తీసేసేవారా, చేలో దాగేటప్పుడు పైన వల కప్పేవారా లేక కొమ్మలే కప్పేవారా, గన్ను దగ్గర ఎంతమంది ఉండేవారు? ఈ వివరాలు మీ ఉత్తరాల శీర్షికకు రాసి పంపమని వాళ్లను కోరుతున్నాను. మీరు అచ్చు వేస్తే చదివి, అచ్చం అలాగే చేస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్,
హనుమకొండ