మాజీ సైనికుల సంఘం 2024–25 వార్షిక నివేదిక: డిశ్చార్జ్ బుక్కులో (సర్వీసు వదిలేటప్పుడు ఇచ్చే పుస్తకంలో) ఎక్కని మెడల్స్ కోసం ఈ ఏడాది మనం చేసిన పని

సభ్యులందరికీ, వీరనారీమణులకు (అమరులైన సైనికుల భార్యలకు), వాళ్ల కుటుంబాలకు జై హింద్.

ఈసారి నివేదిక ప్రతి ఏడాదిలా లేదు, ముందే చెబుతున్నాం. డిసెంబర్ 7న సాయుధ దళాల జెండా దినం చందాలు వసూలు చేసి ఒంగోలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి కట్టాం. 16న విజయ్ దివస్, జనవరి 14న వెటరన్స్ డే జరుపుకున్నాం. నవంబర్‌లో పెన్షనర్లకు స్పర్శ్ అనే పెన్షన్ పోర్టల్‌లో లైఫ్ సర్టిఫికెట్లు వేయించాం, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డుల ఫారాలు నింపిపెట్టాం. ఇవన్నీ మామూలుగానే జరిగాయి. జమాఖర్చుల కాగితం విడిగా ఇస్తున్నాం, చూసుకుని అడగాల్సింది మీటింగులో అడగండి. సంఘం ఎక్కువ కాలం, ఎక్కువ ఓపిక పెట్టింది మాత్రం వేరే పని మీద. యుద్ధంలో పనిచేసి, గాయపడి కూడా రికార్డులో ఆ మాట లేనివాళ్లకి ఆ ఎంట్రీ వేయించడం మీద.

ఇది మన కొమరోలు వైపు పెద్దాయన ఒకరితో మొదలైంది. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు, మీలో చాలామందికి తెలిసినాయనే. 1971 పాకిస్తాన్ యుద్ధంలో ఇంజనీర్ రెజిమెంట్‌లో సాపర్‌గా, అంటే ఇంజనీర్ జవానుగా, పశ్చిమ సరిహద్దులోని షకర్‌గఢ్ సెక్టార్‌లో ఉన్నారు. ఆ సెక్టార్‌లో మందుపాతరలు ఎంత ఒత్తుగా పరిచి ఉండేవో అక్కడ పనిచేసినవాళ్లే చెప్పాలి. అక్కడి బసంతర్ నది దగ్గర జరిగిన ట్యాంకుల పోరు, అందులో సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్‌కి పరమవీర చక్ర రావడం అందరికీ తెలుసు గానీ, ఆ ట్యాంకులు ముందుకు పోవడానికి రాత్రిపూట షెల్లింగ్ మధ్య మైన్‌ఫీల్డ్‌లో దారి తీసింది ఇంజనీర్లేనన్న సంగతి చాలామందికి గుర్తుండదు. అలాంటి ఒక రాత్రి మన పెద్దాయనకి తొడలో షెల్ ముక్కలు దిగాయి. ఫీల్డ్ ఆంబులెన్స్ నుంచి ఒక ఆసుపత్రికి, అక్కడినుంచి ఇంకో ఆసుపత్రికి, తర్వాత రెజిమెంట్ శిక్షణ సెంటర్‌కి, చివరికి వేరే యూనిట్‌కి వెళ్లారు. యుద్ధం చేసిన యూనిట్‌కి మళ్లీ తిరిగి వెళ్లలేదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. 1971లో పశ్చిమ రంగంలో పనిచేసినవాళ్లకిచ్చే పశ్చిమీ స్టార్, తూర్పు రంగంవాళ్లకిచ్చే పూర్వీ స్టార్ యుద్ధం ముగిశాక ప్రకటించినవి. గాయపడినవాళ్లకిచ్చే వూండ్ మెడల్, అంటే పరాక్రమ్ పదక్, 1973లో పెట్టి 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. అర్హుల జాబితా యూనిట్ నుంచి వెళ్లాలి, యూనిట్ పార్ట్ టూ ఆర్డర్ (జవాను సర్వీసు వివరాలు నమోదు చేసే ఉత్తర్వు) వెయ్యాలి, దాన్ని బట్టి జవాన్ల కాగితాలు దాచే రికార్డ్ ఆఫీసు షీట్ రోల్‌లో, అంటే అతని సర్వీసు రికార్డులో, ఎక్కించాలి. జాబితా రాసేనాటికి ఆసుపత్రిలో ఉన్న మనిషి, పోస్టింగ్ మీద వెళ్లిపోయిన మనిషి, సెంటర్ లెక్కలో ఉన్న మనిషి ఎవరి జాబితాలోకీ రాకుండా పోయే అవకాశం ఎంత ఉందో ఆలోచించండి. బాగా దెబ్బ తగిలి వెనక్కి పంపిన మనిషి పేరే జారిపోవడం చాలా అన్యాయం, కానీ ఈయన విషయంలో జరిగింది అదే.

ఆయన డిశ్చార్జ్ బుక్కులో మెడల్స్ పేజీ చూస్తే 1971 యుద్ధానికి సంబంధించిన సంగ్రామ్ మెడల్ ఉంది, స్వాతంత్ర్యం పాతికేళ్ల మెడల్ ఉంది, తొమ్మిదేళ్ల లాంగ్ సర్వీస్ మెడల్ ఉంది. పశ్చిమీ స్టార్ లేదు, వూండ్ మెడల్ లేదు. సంగ్రామ్ మెడల్ యుద్ధ రంగానికి వెళ్లనివాళ్లకి కూడా ఇచ్చారు కాబట్టి, ఆ పేజీ ఒక్కటే చూసినవాళ్లు ఈయన యుద్ధంలోనే లేరనుకుంటారు. కొన్నేళ్ల కింద ఆయన ఒక ఫంక్షన్‌కి బజార్లో కొన్న పశ్చిమీ స్టార్ పెట్టుకొస్తే, బుక్కులో లేని మెడల్ ఎలా పెట్టుకుంటారని మనవాళ్లే ఒకరు అందరి ముందూ అడిగారు. ఆ తర్వాత పెద్దాయన ఏ ఫంక్షన్‌కీ రాలేదు. ఎందుకు రావట్లేదో సంఘంలో ఎవరూ వెళ్లి అడగలేదు కూడా. ఈ సంగతి నివేదికలో రాయాలా వద్దా అని కమిటీలో చర్చ జరిగింది. రాయాలనే తేల్చుకున్నాం. మెడల్ అంటే ఉత్తి అలంకారం అనుకునేవాళ్లకి అసలు పోయిందేమిటో ఇలా చెబితేనే తెలుస్తుంది.

పని ఎలా జరిగిందో కొంచెం వివరంగా రాస్తున్నాం, మిగతావాళ్లకీ పనికొస్తుంది. ఆయన దగ్గర ఉన్న కాగితాలన్నీ బయటికి తీయించాం. మనవాళ్ల ఇళ్లల్లో ట్రంకు పెట్టెలు ఉంటాయి చూడండి, అడుగున బ్యాంకు పాస్‌బుక్కులతో కలిసి ఏవేవో కాగితాలు ఉంటాయి, దయచేసి ఏదీ పారెయ్యకండి. ఆయన పెట్టెలో ఆసుపత్రి డిశ్చార్జ్ స్లిప్ దొరికింది, గాయం ఎక్కడ ఎలా తగిలిందో అందులో రాసి ఉంది. మెడికల్ కేటగిరీ తగ్గించినప్పటి బోర్డు కాగితం కూడా ఉంది, అందులో శత్రు చర్య వల్ల అన్న మాట స్పష్టంగా ఉంది. ఈ రెండూ ఉంటే కేసు సగం నిలబడినట్టే, ఎందుకంటే ఆ రోజుల్లో ఆర్మీ డాక్టర్లు రాసిన కాగితాన్ని ఎవరూ ఇప్పుడు పుట్టించిందని అనలేరు. తర్వాత సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి, షీట్ రోల్ కాపీ, గాయానికి సంబంధించిన పార్ట్ టూ ఆర్డర్ కాపీ, మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ ఇమ్మని రికార్డ్ ఆఫీసుకి రాశాం. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ఆర్టీఐలో 'నాకు మెడల్ ఎందుకివ్వలేదు' అని రాయకండి. దానికి జవాబు రాదు, రావాల్సిన పని కూడా లేదు. ఆర్టీఐతో కాగితం కాపీలు మాత్రమే అడగాలి, తప్పు సరిచెయ్యమనే దరఖాస్తు విడిగా పంపాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

మొదట వచ్చిన జవాబు చూసి ఇంట్లోవాళ్లు డీలా పడిపోయారు. రికార్డులో ఎంట్రీ లేదు కాబట్టి అర్హత లేదని ఒక్క ముక్కలో రాశారు. ఎంట్రీ లేదనే కదా మనం రాసింది! అలాంటి జవాబొస్తే చాలామంది అక్కడితో ఆపేస్తారు, ఆపకూడదని మా అనుభవం. కాపీలు చేతికొచ్చాక చూస్తే ఆయన బ్యాటిల్ క్యాజువాలిటీ (యుద్ధంలో గాయపడిన మనిషి) అని యూనిట్ వేసిన పార్ట్ టూ ఆర్డర్ ఆ ఫైల్లోనే ఉంది. మెడల్ కోసం వేయాల్సిన ఆర్డర్ మాత్రం ఎవరూ వెయ్యలేదు. దాన్ని పట్టుకుని, ఆయనతో అదే కంపెనీలో పనిచేసిన శ్రీకాకుళం జిల్లా హవల్దార్ సాబ్ ఒకరి అఫిడవిట్, అప్పటి ప్లాటూన్ కమాండర్ సాబ్ ఉత్తరం జతచేసి మళ్లీ పంపాం. ఆ అధికారి ఈ వయసులోనూ ఫోన్‌లో ఆ రాత్రి సంగతంతా చెప్పి, తన చేత్తో రాసి పంపారు. ఆయనకి సంఘం తరఫున పాదాభివందనం. ఒంగోలు కార్యాలయంవాళ్లు కవరింగ్ లెటర్ పెట్టి పంపారు, అది చాలా సాయపడింది.

చివరికి రెండు ఎంట్రీలూ వేశామని, పశ్చిమీ స్టార్‌కి, వూండ్ మెడల్‌కి అర్హత ఉందని రికార్డ్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అసలు మెడల్స్ ఇంకా రాలేదు. అర్హత వేరు, మెడల్ చేతికి రావడం వేరు, సరఫరాలో ఆలస్యం దేశమంతా ఉన్నదే. తన నంబరు, పేరు చెక్కిన మెడల్ వచ్చేదాకా అడుగుతూనే ఉండాలని పెద్దాయన అంటున్నారు, మేమూ అంతే అంటున్నాం.

అన్నీ ఇలా అవ్వలేదు. 1965లో పనిచేసి, పెన్షన్ వచ్చేంత సర్వీసు లేకుండా వచ్చేసిన జవాన్ భార్య ఒకామె ఆ యుద్ధానికి ఇచ్చే సమర్ సేవా స్టార్ కోసం వచ్చారు. ఆయన పోయి చాలా కాలమైంది. పెన్షన్ లేనివాళ్ల సర్వీస్ డాక్యుమెంట్లు పాతికేళ్లు దాటితే నియమాల ప్రకారం ధ్వంసం చేస్తారు, మిగిలేది లాంగ్ రోల్‌లో, అంటే అందరి పేర్లూ ఉండే శాశ్వత జాబితాలో, ఒక్క వరుస మాత్రమే. చేరిన తేదీ, వచ్చేసిన తేదీ వచ్చాయి, మెడల్ గురించి ఏమీ రాలేదు. ఆమెకి ఆ సంగతి చెప్పడం చాలా కష్టమైంది. ఆయనతో దిగిన ఫొటో గానీ, యుద్ధంలో ఉన్నప్పుడు రాసిన ఉత్తరం గానీ ఆ యూనిట్ పాతవాళ్ల ఇళ్లల్లో ఎవరి దగ్గరైనా ఉందేమోనని వెతుకుతున్నాం. కేసు మూసెయ్యలేదు.

శ్రీలంకలో ఆపరేషన్ పవన్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురి కేసులు పేర్ల తేడా దగ్గర ఆగాయి. మన ఇంటిపేర్లతో ఇదొక పెద్ద టెన్షన్. భర్తీ అయిన రోజు క్లర్కు ఇంటిపేరు పూర్తిగా రాస్తాడు, ఒక్కోసారి చివర రాస్తాడు, ఆధార్‌లో మొదటి అక్షరమే ఉంటుంది, స్పర్శ్‌లో ఇంకో రకంగా ఉంటుంది. ముందు పేరు సరిచేసుకోండి, తర్వాతే స్పెషల్ సర్వీస్ మెడల్, దాని రిబ్బన్ మీద వచ్చే శ్రీలంక క్లాస్ప్ (పట్టీ) సంగతి. వరస తప్పితే రెండు పనులూ ఆగిపోతాయి.

మీటింగుల్లో పదేపదే అడిగేదానికి ఇక్కడే జవాబు. వూండ్ మెడల్ ఎక్కినంత మాత్రాన పెన్షన్ పెరగదు. గాయం బ్యాటిల్ క్యాజువాలిటీ అయ్యుండి, మెడికల్ బోర్డు వైకల్యం శాతం వేసి ఉంటే వార్ ఇంజురీ పెన్షన్ అడగొచ్చు, అది వేరే దరఖాస్తు. రికార్డ్ ఆఫీసు కాదంటే పై అధికారులకి అప్పీలు, అక్కడా కాకపోతే సాయుధ దళాల ట్రైబ్యునల్. మనకి చెన్నై బెంచ్. ట్రైబ్యునల్‌కి వెళ్లడంలో బాగా ఆలస్యం చేస్తే బకాయిలు మూడేళ్లకే పరిమితం చేస్తారు, సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది అదే. కార్గిల్‌లో, కశ్మీర్ ఆపరేషన్లలో గాయపడి బోర్డ్ అవుట్ అయిన (మెడికల్ బోర్డు సర్వీసు నుంచి పంపేసిన) మన తమ్ముళ్లకి ఇంకో సంగతి. పిల్లల ఇంజనీరింగ్ సీట్లలో క్యాప్ కోటా (సైనికుల పిల్లల కోటా) ప్రాధాన్య క్రమం చూసేది కూడా ఈ కాగితాలనే. యుద్ధంలో మరణించినవాళ్ల పిల్లల తర్వాత వరస మీ పిల్లలదే, కాగితంలో 'శత్రు చర్య' అన్న మాట లేకపోతే ఆ వరస పోతుంది.

మన సభ్యుల్లో ఒకరి మనవడు అమెరికా ఆర్మీలో ఉన్నాడు, అక్కడ ఎలా ఉంటుందో అడిగి తెలుసుకున్నాం. అక్కడ డిశ్చార్జ్ కాగితాన్ని డీడీ 214 అంటారు, అందులో మెడల్ రాయకపోతే డీడీ 215 అనే సవరణ కాగితం ఇస్తారు. అది కుదరకపోతే సైనిక రికార్డులు సరిదిద్దడానికే ప్రత్యేకంగా ఒక బోర్డు ఉంది, డీడీ 149 ఫారంతో అడుగుతారు. వాళ్లకీ కష్టాలున్నాయి, 1973 జూలైలో సెయింట్ లూయిస్ రికార్డు కేంద్రం తగలబడి పాత సైనికుల ఫైళ్లు కోటికి పైగా పోయాయి. అయినా అడగడానికి ఒక బోర్డంటూ ఉంది. మన దగ్గర రికార్డ్ ఆఫీసుకి, పై అధికారులకి ఉత్తరాలు, లేకపోతే ట్రైబ్యునల్. ఎనభై ఏళ్లకి దగ్గరపడుతున్న మనిషిని ఒక్క ఎంట్రీ కోసం గిద్దలూరు నుంచి చెన్నైకి తిప్పడం న్యాయం కాదు. మనకీ అలాంటి బోర్డు కావాలని, మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డుకి వినతి పంపాలని కమిటీ అభిప్రాయం.

వచ్చే ఏడాది సంగతి. 1971లో పనిచేసిన మనవాళ్లలో చిన్నవాళ్లే డెబ్బై దాటారు, సాక్షి సంతకం పెట్టగలిగినవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు. అందుకని రాచర్ల, బేస్తవారిపేట వైపు ఊళ్లకి మనమే వెళ్లి డిశ్చార్జ్ బుక్కులు పేజీ పేజీ ఫొటో తీసి దాచాలనుకుంటున్నాం. దానికి ఫోన్లు వాడటం బాగా వచ్చిన కుర్రాళ్లు కావాలి, మీ ఇళ్లల్లోవాళ్లని పంపండి. రికార్డ్ ఆఫీసులు వేర్వేరు చోట్ల ఉన్నాయి: ఆర్టిలరీవాళ్లైతే నాసిక్ రోడ్ క్యాంప్‌కి, సిగ్నల్స్‌వాళ్లు జబల్‌పూర్‌కి, మద్రాస్ రెజిమెంట్‌వాళ్లు వెల్లింగ్టన్‌కి, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి సరఫరా విభాగం) వాళ్లు మన సికింద్రాబాద్‌కే రాసుకోవాలి. అడ్రసుతో దరఖాస్తు నమూనా తెలుగులో, ఇంగ్లీషులో సంఘం ఆఫీసులో ఉంచాం, డబ్బేమీ అక్కర్లేదు.

సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, ఈ ఏడాది సభల ఖర్చులో కొంత తగ్గించి రికార్డుల పనికి, అఫిడవిట్ల ఖర్చుకి కేటాయించడం. రెండోది, ఏ సభ్యుడు పెట్టుకున్న మెడల్ మీదైనా అనుమానం ఉంటే అందరి ముందూ అడగకుండా కమిటీకి చెప్పాలని, కమిటీ మొదట ఆ సభ్యుడి కాగితాలు చూసి, ఎంట్రీ లేకపోతే వేయించే పని మొదలుపెట్టాలని. రెండింటి మీదా చర్చకి సిద్ధపడి రండి. పెద్దాయన కూడా వస్తానన్నారు.