మసీదు ముందు మొండి స్తంభం: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

చెన్నై ట్రిప్లికేన్ నుంచి ఒక విశ్రాంత లెక్కల మాస్టారి నమస్కారాలు. ఇది నా అయిదో విన్నపం. మొదటి నాలుగింటికీ ముద్ర వేసిన రసీదులున్నాయి, జవాబులు లేవు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

సంగతి మీకు తెలిసిందే. పాత కట్టడాల ముందు చరిత్ర పలకలు పెట్టే పథకంలో మా పెద్ద మసీదు కూడా ఉందని, మూడు నెలల్లో పలక వచ్చేస్తుందని మీవాళ్లే అన్నారు. రెండేళ్ల కిందట కాలిబాట తవ్వి ఇనుప స్తంభం పాతారు. పలక మాత్రం రాలేదు. స్తంభం ఖాళీగా ఏమీ లేదు లెండి. ముందు ట్యూషన్ ప్రకటన, తర్వాత 'ఇల్లు అద్దెకు', ఆ తర్వాత ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. కర్ర గానీ ఇనుము గానీ వాడకుండా బూడిదరంగు గ్రానైటుతో ఆర్కాటు నవాబు వాలాజా కుటుంబం కట్టించిన మసీదుకు మీ హయాంలో దక్కిన చేర్పు ఈ ఇనుప స్తంభం ఒక్కటే.

ఆదివారాలు తెలుగు పిల్లలను అక్కడికి తీసుకువెళ్తుంటాను. నేను చెప్పేది నవాబుల కథ కాదు, ఒక కూడిక లెక్క. మసీదు రాతి మీద 'జిక్రుల్లాహి అక్బర్' అన్న మాట చెక్కారు. అరబ్బీ అక్షరాలకు ఒక్కోదానికి ఒక విలువ ఉంది. 'జిక్ర్'కు 920, 'అల్లాహ్'కు 66, 'అక్బర్'కు 223. కూడితే 1209. అది మసీదు కట్టిన హిజ్రీ సంవత్సరం, మన లెక్కలో 1794-95. చంద్రుడంటే ఒకటి, కన్నులంటే రెండు, వేదాలంటే నాలుగు అని శాసనాల్లో శకవర్షం చెప్పిన మన కవులకు ఈ ఆట కొత్త కాదు. ఆ మాట కూర్చినవాడు రాజా మఖన్‌లాల్ అనే హిందువని చెప్పినప్పుడు పిల్లలు నమ్మరు. 'ఎక్కడ రాసుంది మాస్టారూ?' అంటారు. నేను స్తంభం వైపు చూస్తాను.

పలక మీద వేయాల్సిన పాఠం నన్నే రాసిమ్మన్నారు. తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో రాసిచ్చాను. పోయిందన్నారు, మళ్లీ రాసిచ్చాను. తేదీకి ఆధారం చూపమన్నారు. రాతి మీద ఉందన్నాను. జిరాక్సు కావాలన్నారు! తర్వాత ఒకరు కాలిబాట తమది కాదన్నారు, ఇంకొకరు మసీదువారిని అడగమన్నారు. మూడో గదిలో ఆయన నన్ను ఎగాదిగా చూసి, 'మీరు హిందువులు కదా, మీకెందుకండీ ఈ మసీదు గొడవ?' అన్నారు. ఆ రోజుల్లో మఖన్‌లాల్‌ను ఎవరూ అలా అడగనందుకు సంతోషించాను. ఏళ్ల తరబడి రంజాన్ సాయంత్రాల్లో సింధీ హిందువులు ఇఫ్తార్ వడ్డిస్తున్న చోటు అది. ఆయనకు అదీ తెలియదు.

పాత కట్టడాల రక్షణకని 2012లో తమిళనాడు వారసత్వ కమిషన్ చట్టం చేశారు. అది అమలుకు రావడానికి 2024 దాకా పట్టింది. ఆ లెక్కన నా పలకకు ఇంకా పదేళ్లు గడువుందని మీరు అనుకోవచ్చు. నాకు డెబ్బై దాటాయండి. అదే నవాబుల చేపాక్ మహల్లో 2012 జనవరిలో మంటలు రేగాయి. కాలిన భాగాన్ని తర్వాత బాగుచేశారు, సంతోషం. మా వైపు చూడాలంటే కూడా ఏదో ఒకటి తగలబడాలా?

పాలరాయి అడగడం లేదు, ప్రారంభోత్సవం అసలే వద్దు. రేకు మీద రంగుతో రాయించినా చాలు. అయిదోసారి కూడా పాఠం జతచేశాను, ఈసారి పారేయవద్దని మనవి. అదీ కుదరకపోతే దయచేసి ఆ స్తంభాన్నయినా పీకించండి. దీపం లేని రాత్రుల్లో స్కూటర్లవాళ్లు దానికి గుద్దుకుంటున్నారు.

ఇట్లు,
ట్రిప్లికేన్‌లో ఉంటున్న ఒక లెక్కల మాస్టారు